యోకిచ్, విల్ట్, రసెల్, కరీం: సెంటర్ విలువను ఎట్లా లెక్కగట్టాలి, మన టీముకు ఎవరి దారి పట్టాలి

బాస్కెట్‌బాల్‌లో సెంటర్‌గా, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడిగా, నికోలా యోకిచ్ గొప్పా, విల్ట్ చాంబర్లేన్ గొప్పా అన్న వాదన హనుమకొండలో మొదలైనా కరీంనగర్‌లో మొదలైనా ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది: "విల్ట్ సీజన్ మొత్తం మ్యాచ్‌కు 50 పాయింట్లు కొట్టిండు, ఇంకేం మాట్లాడతవ్?" ఆ అంకె నిజమే. 1961-62లో ఆయన సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టినవి). 2023-24లో యోకిచ్ సగటు 26.4 పాయింట్లు, 12.4 రీబౌండ్లు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. పేరు బాస్కెట్‌బాలే అయినా ఆ రెండు సీజన్లలో ఆట తీరు వేరు, వేగం వేరు, నియమాలు వేరు.

ఇది కాలక్షేపం వాదన అని కొట్టిపారేయడానికి లేదు. కాలేజీ టీముకు ఆరడుగుల రెండంగుళాల పిల్లగాడు దొరికితే వాణ్ని బోర్డు కింద పాతేయాలా, ఫ్రీత్రో (ఫౌల్‌కు దొరికే ఉచిత షాట్) గీత మీదికి తేవాలా, రీబౌండ్ పట్టి బంతి గార్డుకు (బంతి నడిపే ఆటగాడికి) ఇచ్చి పరుగెత్తమనాలా? ఈ నిర్ణయం కోచ్ మనసులో "మంచి సెంటర్" అంటే ఎవరున్నారన్న దాన్ని బట్టే జరిగిపోతుంది. అందుకని పోలిక సరిగ్గా చేయడం నేర్చుకోవాలి.

వేగాన్ని సరిచేయకుండా పోల్చొద్దు

1961-62లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో టీము మ్యాచ్‌కు దాదాపు 108 షాట్లు వేసేది. పడేవి 42.6 శాతమే. 2023-24లో టీముకు దాదాపు 89 షాట్లు, పడింది 47.4 శాతం. అంటే అప్పట్లో ఒక్కో టీము మ్యాచ్‌కు 62 దాకా షాట్లు తప్పితే, ఇప్పుడు 47 తప్పుతున్నాయి. తప్పిన షాటే కదా రీబౌండ్ అయ్యేది. టీము సగటు రీబౌండ్లు అప్పుడు 71, ఇప్పుడు 43.5. దీనికి తోడు విల్ట్ ఆ సీజన్‌లో సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ ఉండేదే 48 నిమిషాలు, మిగతాది అదనపు సమయం. యోకిచ్ ఆడింది 34.6 నిమిషాలు.

అందుకని చూడాల్సింది రీబౌండ్ వాటా: ఆటగాడు కోర్టు మీద ఉన్నంతసేపు దొరికే అవకాశమున్న రీబౌండ్లలో ఆయన పట్టినవి ఎన్ని. లెక్క తేలికే. రెండు టీముల మొత్తం రీబౌండ్లను మ్యాచ్ నిమిషాలతో భాగించి, ఆటగాడి నిమిషాలతో హెచ్చవేయాలి. వచ్చిన అంకెతో ఆయన రీబౌండ్లను భాగించాలి. లీగ్ సగటులతో చేస్తే యోకిచ్‌ది సుమారు 20 శాతం, విల్ట్‌ది సుమారు 18 శాతం. ఆ కాలపు టీము మొత్తాల్లో ఏ ఆటగాడి ఖాతాలోనూ పడని టీము రీబౌండ్లు కూడా కలిసి ఉంటాయి కాబట్టి విల్ట్ అసలు వాటా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఇద్దరూ ఇంచుమించు సమానమనుకోవచ్చు. 25.7కూ 12.4కూ మధ్య కనబడ్డ అంత పెద్ద తేడా దాదాపు పూర్తిగా వేగంలో, నిమిషాల్లో కరిగిపోయింది.

పాయింట్లకు ఇదే పద్ధతి చాలదు, ఎన్ని అవకాశాలు వాడుకుని కొట్టాడో కూడా చూడాలి. దానికి ట్రూ షూటింగ్ శాతం ఉంది: షాట్ ప్రయత్నాలకు, ఫ్రీత్రో ప్రయత్నాల్లో 0.44 వంతును కలిపి, దాన్ని రెండింతలు చేసి, ఆ అంకెతో పాయింట్లను భాగించాలి. వచ్చిన శాతంలోంచి ఆ ఏడాది లీగ్ సగటు తీసేయాలి. ఆ మిగులే మనకు కావలసింది.

విల్ట్, 1961-62: 53.6. లీగ్ 48. మిగులు దాదాపు 6.
షకీల్ ఓనీల్, 1999-2000: 57.8. లీగ్ 52.3. మిగులు 5.5.
యోకిచ్, 2023-24: 65. లీగ్ 58. మిగులు 7.
యోకిచ్, 2024-25: 66.3. లీగ్ 57.6. మిగులు 9కి దగ్గర.
కరీం అబ్దుల్-జబ్బార్, 1971-72: 60.3. లీగ్ 50 చుట్టూ. మిగులు దాదాపు 10.

చివరి వరుస దగ్గర ఆగి చూడాలి. వాదనల్లో విల్ట్ పేరు, షాక్ (షకీల్ ఓనీల్) పేరు వచ్చినంతగా కరీం పేరు రాదు. మ్యాచ్‌కు 34.8 పాయింట్లు కొడుతూ, మూడు పాయింట్ల గీతే లేని రోజుల్లో, తన కాలానికి పది మెట్లు పైన నిలబడ్డాడాయన. స్కై హుక్ (చెయ్యి పైకెత్తి తల మీదుగా వేసే ఆయన షాట్) ఆపలేనిదని అందరూ అంటారు గానీ, ఎంత ఆపలేనిదో ఈ మిగులు చూస్తేనే అర్థమవుతుంది. యోకిచ్‌ను పాత కాలంతో పోల్చాలనుకుంటే మొదట పెట్టాల్సిన పేరు కరీం, విల్ట్ తర్వాత.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పొకటుంది. ఒకరి ఒక్క సీజన్‌ను తీసుకుని ఇంకొకరి మొత్తం కెరీర్‌తో తూకం వేస్తారు. ఒక్క సీజన్ శిఖరాన్ని పోలుస్తున్నారా, కెరీర్ మొత్తాన్నా అన్నది వాదనకు ముందే తేల్చుకోవాలి. కెరీర్ అంటే కరీం 20 సీజన్లు, 38,387 పాయింట్లు, ఆరు ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు). ఆరు ఎంవీపీలు ఇంకెవరికీ లేవు. శిఖరం అంటే బిల్ వాల్టన్‌నూ లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుంది. 1977లో పోర్ట్‌లాండ్‌కు టైటిల్ తెచ్చి, 1978లో ఎంవీపీ అయ్యాడు, ఆ తర్వాత పాదాల గాయాలు మింగేశాయి. మొత్తం ఆడింది 468 మ్యాచ్‌లే.

నియమం మారితే సెంటర్ ధర మారుతుంది

జార్జ్ మైకన్ 1950-51లో 28.4 పాయింట్ల సగటు తెచ్చాడు. బోర్డు కింద గీసే కీ వెడల్పు అప్పుడు ఆరడుగులే, దాని పక్కన నిలబడి చెయ్యి చాపితే రింగు. 1951లో దాన్ని పన్నెండు అడుగులు చేశారు. మరుసటి సీజన్ ఆయన సగటు 23.8కి, షాట్ల శాతం 42.8 నుంచి 38.5కి పడింది. ఆటగాడు అదే మనిషి, నిలబడే చోటు మారిందంతే. 1964-65లో విల్ట్ రోజుల్లో అది పదహారు అడుగులైంది.

తర్వాతి పెద్ద మార్పులు రెండు. 1979-80లో మూడు పాయింట్ల గీత వచ్చింది. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, టీముకు మ్యాచ్‌కు మూడు ప్రయత్నాలు కూడా ఉండేవి కావు. 2023-24కు అవి 35కు చేరాయి. 2001-02లో జోన్ డిఫెన్స్‌కు (మనిషిని కాకుండా చోటును కాసే పద్ధతికి) అనుమతి ఇచ్చారు, దాంతోపాటే డిఫెండర్ ఎవరినీ కాయకుండా కీలో మూడు సెకండ్లకు మించి ఉండకూడదన్న నియమమూ పెట్టారు. అంతకుముందు షాక్‌కు, హకీం ఒలాజువాన్‌కు పోస్ట్‌లో (రింగు దగ్గర) బంతి అందితే, డబుల్ టీం చేయాలనుకున్నవాడు (రెండోవాడిగా వచ్చి కాయాలనుకున్నవాడు) తన మనిషిని పూర్తిగా వదిలి రావాలి. మధ్యలో తచ్చాడితే ఇల్లీగల్ డిఫెన్స్. ఇప్పుడు బంతి రాకముందే ముందొకరు, వెనకొకరు కాచుకోవచ్చు. అందుకే వీపు చూపించి తోసుకెళ్లే సెంటర్ ధర పడింది, తోసుకెళ్తూనే మూలన ఖాళీగా ఉన్నవాణ్ని చూడగల సెంటర్ ధర లేచింది.

డిఫెన్స్ వైపు భారం పెరిగింది. పాత సెంటర్ రింగు కాపాడితే చాలు. ఇప్పటివాణ్ని పిక్ అండ్ రోల్‌లోకి (గార్డును కాసేవాడికి ఒకడు అడ్డు నిలబడి, వెంటనే రింగు వైపు పరుగెత్తే ఎత్తులోకి) లాగి, ఇరవై మూడడుగుల దూరం నుంచి షాట్ వేసే గార్డు ముందు నిలబెడతారు. ముందుకొస్తే వెనక లేఅప్ (రింగు దగ్గరి తేలిక షాట్), వెనక ఉంటే ముందు త్రీ (మూడు పాయింట్ల షాట్). రూడీ గోబేర్ ఆ మధ్య దూరాన్ని కాచుకోవడంలో ఆరితేరి నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. యోకిచ్ బలహీనత ఇక్కడే, దాన్ని దాచిపెట్టి పోల్చకూడదు. చేతుల వేగంతో, నిలబడే చోటు ఎంచుకోవడంతో నెట్టుకొస్తాడు, అంతేగానీ రింగు కాపాడేవాడు కాదు.

"విల్ట్‌ను ఇప్పటికి తెస్తే ఏం చేస్తాడు" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. తెస్తే ఇప్పటి శిక్షణతో తేవాలా, అప్పటి బూట్లతోనే తేవాలా అన్న దగ్గరే వాదన తిరుగుతుంది. తన కాలం వాళ్లకన్నా ఎంత పైన ఉన్నాడన్నదొక్కటే కొలవగలిగేది. దానికీ ఒక షరతుంది: 1961-62లో లీగ్‌లో టీములు తొమ్మిదే, బయటి దేశాల ఆటగాళ్లు దాదాపు లేరు. ఇప్పుడు ముప్పై టీములు, 2023-24 ఎంవీపీ సెర్బియావాడైన యోకిచ్. సగటు ఆటగాడి స్థాయి పెరిగినప్పుడు దానికన్నా పది మెట్లు పైకెక్కడం ఇంకా కష్టం. మిగులు సమానంగా ఉంటే మొగ్గు ఇప్పటివాడి వైపే ఉండాలి.

అంకెలకు అందని రసెల్

పై లెక్కలన్నీ పెట్టి చూస్తే బిల్ రసెల్ మామూలు ఆటగాడిలా కనిపిస్తాడు. కెరీర్ సగటు 15.1 పాయింట్లు, షాట్ల శాతం 44. కానీ 13 సీజన్లలో 11 టైటిళ్లు. విల్ట్ 50 పాయింట్ల సగటు తెచ్చిన ఆ 1961-62లోనే ఎంవీపీ రసెల్‌కు ఇచ్చారు. అప్పట్లో ఓటేసేది ఆటగాళ్లే, అంటే రోజూ ఆ ఇద్దరి మీదా ఆడినవాళ్లే.

రసెల్ చేసిన పని స్కోరు పుస్తకంలోకి ఎక్కలేదు. బ్లాకులు (షాట్‌ను చేత్తో ఆపడం), స్టీళ్లు (బంతి లాక్కోవడం) 1973-74 నుంచి, వ్యక్తిగత టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం) 1977-78 నుంచే లెక్కపెట్టారు. రసెల్ 1969లోనే ఆపేశాడు. బ్లాక్ చేసిన బంతిని గ్యాలరీలోకి కొట్టకుండా తనవాళ్ల వైపే తట్టడం ఆయన పద్ధతి. దానివల్ల ఒక్క బ్లాక్‌కు రెండు లాభాలు: వాళ్ల షాట్ పోయింది, బంతి మనది. ఇప్పటి పట్టికల్లో కూడా ఈ రెండు రకాల బ్లాకులకూ ఒకే మార్కు.

ఇట్లాంటి ఆటగాడిని కొలవాలంటే వచ్చేముందు, పోయిన తర్వాత టీము ఎట్లుందో చూడాలి. 1968-69లో రసెల్ టీము బోస్టన్ 48 గెలిచి 34 ఓడింది, టైటిల్ కూడా కొట్టింది. రసెల్ వెళ్లిపోయిన మరుసటి సీజన్ 34 గెలిచి 48 ఓడింది, ప్లేఆఫ్స్‌కు కూడా రాలేదు. అంకెలు తిరగబడ్డాయి. కానీ ఆ లోటంతా ఒక్క రసెల్ ఖాతాలో వేయకూడదు, శామ్ జోన్స్ కూడా అదే ఏడాది రిటైరయ్యాడు. అట్లాగే 1956-57లో రసెల్ వచ్చిన ఏడాదే టామీ హైన్సన్ కూడా వచ్చాడు. ఈ పద్ధతి వాడేటప్పుడు పక్కన ఇంకెవరు వచ్చారు, ఎవరు పోయారు అన్నది తప్పక చూసుకోవాలి. 1996-97 తర్వాతి సీజన్లకైతే కోర్టు మీద ఉన్నప్పుడు, బెంచీ మీద ఉన్నప్పుడు టీము తేడా విడిగా దొరుకుతుంది, యోకిచ్ విలువకు అదే గట్టి సాక్ష్యం. ఆయన కూర్చున్న నిమిషాల్లో ఆయన టీము డెన్వర్ ఆధిక్యం కరిగిపోవడం కళ్లతో చూసి కూడా చెప్పొచ్చు.

విల్ట్ కెరీర్‌లోనే ఇంకో పాఠం ఉంది. 50 పాయింట్ల సీజన్‌లో ఫిలడెల్ఫియా వారియర్స్ 49 గెలిచి, బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడి ఇంటికెళ్లింది. 1966-67లో ఆయన సగటు 24.1 పాయింట్లకు తగ్గించుకుని, 7.8 అసిస్టులు (తోటివాడు షాట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు) ఇచ్చాడు, షాట్లలో 68.3 శాతం పడ్డాయి. అప్పటి ఆయన టీము ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ 68 గెలిచి 13 ఓడి, రసెల్ బోస్టన్‌ను దాటి టైటిల్ కొట్టింది. యోకిచ్‌తో పోల్చడానికి సరైన విల్ట్ ఈ విల్టే. సెంటర్ సగం పాయింట్లు వదులుకుంటే టీము విలువ పెరిగింది. యోకిచ్ ఆ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లి 2024-25లో 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టుల సగటు తెచ్చాడు. సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ (మూడింట్లోనూ పదో అంతకు మించో) సగటుతో ముగించిన మొదటి సెంటర్ ఆయనే.

మా తీర్పు ఇదీ. ఒక్క సీజన్ ఆఫెన్స్‌కు యోకిచ్, కరీం పక్కపక్కన. పాసింగ్ కలిపితే యోకిచ్ ముందు. డిఫెన్స్‌కు రసెల్. రెండు వైపులా ఒకే మనిషి కావాలంటే 1993-94 హకీం. 27.3 పాయింట్లు, 11.9 రీబౌండ్లు, 3.7 బ్లాకులు, ఒకే సీజన్‌లో ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ తీసుకున్నది ఆయనొక్కడే. కెరీర్ మొత్తానికి కరీం. విల్ట్ అంకెలను గౌరవించాల్సిందే, కానీ వేగం తీసేసిన తర్వాతే.

మన కోర్టులో ఎవరి దారి?

నిట్‌లోనో, కాకతీయ యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీల్లోనో ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాలతో. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఐదు ఫౌళ్లకు బయటికి, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, డిఫెండర్‌కు మూడు సెకండ్ల నియమం లేదు. ఎదుటి టీము పొడుగు పిల్లగాణ్ని కీలో నిలబెట్టి 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) వేసుకుని క్వార్టరంతా కదలకుండా ఉండొచ్చు. షాక్‌లా వీపుతో తోసుకెళ్లే సెంటర్‌ను ఎంచుకుంటే, మీవాడు నేరుగా ఆ గుంపులోకే వెళ్తాడు.

ఆ జోన్‌ను విప్పేది యోకిచ్ పని. సెంటర్‌ను ఫ్రీత్రో గీత పైన అర్ధవృత్తంలో నిలబెట్టండి. గీతతో సహా లోపలంతా కీ కిందే లెక్క, అర్ధవృత్తం కాదు. అందుకని గీతకు ఒక అడుగు పైన పాదాలుంటే, బంతి ఉన్న టీము ఆటగాడికి కీలో వర్తించే మూడు సెకండ్ల లెక్క మొదలవదు. మనవాళ్లు బొటనవేలు గీత మీద పెట్టి నిలబడి విజిల్ తింటుంటారు. బంతి అందగానే గడ్డం కింద రెండు చేతులతో పట్టుకుని, రింగు వైపు తిరగాలి. తిరగకుండా వీపు చూపిస్తూ ఉంటే అక్కడ నిలబెట్టినందుకు లాభమే లేదు. తిరిగాక ఇదే వరుసలో చూడాలి: మొదట రింగు కింద మనవాడు, తర్వాత బంతికి అవతలి మూల, ఆ తర్వాత పక్క వింగ్ (కోర్టు అంచు వైపు నిలబడ్డవాడు). జోన్ నడిమి డిఫెండర్ పైకొస్తే కింద ఖాళీ, రాకపోతే 4.6 మీటర్ల షాట్ ఖాళీ, పైనున్న ఇద్దరు గార్డులు నొక్కితే వింగ్‌లు ఖాళీ. పాడయ్యేదెక్కడంటే బంతి అందగానే ఒక డ్రిబుల్ కొట్టే అలవాటు. కిందికి వచ్చిన బంతిని గార్డు కొట్టేస్తాడు. నెల రోజులు ప్రాక్టీసులో ఆ చోట డ్రిబుల్‌నే నిషేధించండి.

కానీ ఈ దారికి ఒక షరతు. బయటి నుంచి మూడింట ఒకటి వేసేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. త్రీ 33 శాతం పడితే షాట్‌కు ఒక పాయింట్, కింద 50 శాతం వేసేవాడితో సమానం. అట్లాంటివాళ్లు లేకపోతే ఎంత మంచి పాస్ ఇచ్చినా పాయింట్ రాదు. అప్పుడు రసెల్ దారే మేలు: డిఫెన్స్ రీబౌండ్, గాలిలోనే తిరిగి దగ్గరి సైడ్ లైన్ వైపు గార్డుకు అవుట్‌లెట్ పాస్, వెంటనే పరుగు. జోన్ కుదురుకోకముందే షాట్ వేసేయాలి. ఎత్తు తక్కువున్న టీములకు కూడా ఇది పనికొస్తుంది, రీబౌండ్ పట్టేది ఎత్తుకన్నా బాక్స్ అవుట్‌తోనే (ఎదుటివాణ్ని వీపుతో అడ్డుకుని చోటు పట్టడంతోనే). సిమెంటు కోర్టుల మీద రోజూ దూకే ప్రాక్టీసు మాత్రం మోకాళ్లను తినేస్తుంది. దూకే డ్రిల్లులు వారానికి రెండు రోజులకు మించొద్దు.

బరువుగా ఉండి తోసుకెళ్లగల పిల్లగాడే ఉంటే షాక్ దారి పట్టొచ్చు, ఫ్రీత్రో చూసుకుని. షాక్ ఆ 1999-2000 సీజన్‌లో 52.4 శాతం వేశాడు, రెండు ఫ్రీత్రోలకు 1.05 పాయింట్లన్నమాట. అప్పటి టీములు ఒక్కో అవకాశానికి సగటున తెచ్చుకున్నదీ దాదాపు అంతే, అంటే కావాలని ఫౌల్ చేసి ఎదుటివాళ్లు పెద్దగా మిగుల్చుకున్నది లేదు. మీవాడు 30 శాతం వేస్తే మాత్రం అది 0.6కు పడిపోతుంది. క్వార్టర్‌లో ఐదో టీము ఫౌల్ నుంచి ప్రతి ఫౌల్‌కూ రెండు ఫ్రీత్రోలు కాబట్టి, చివరి క్వార్టర్‌లో వాణ్నే వెతుక్కుంటూ వచ్చి కొడతారు. ప్రాక్టీసులో 55 శాతం దాటేదాకా చివరి మూడు నిమిషాల్లో వాడి చేతికి బంతి ఇవ్వొద్దు.

ఏ దారి పట్టినా మొదటి నెల ఒకటే: మైకన్ డ్రిల్. రింగు కింద కుడి పక్క కుడి చేత్తో, ఎడమ పక్క ఎడమ చేత్తో, బంతి భుజం కిందికి దిగకుండా. మొదట నిమిషానికి 20 పడేలా, తర్వాత 30. బంతి దించుతున్నాడంటే ఆపి మళ్లీ మొదలుపెట్టించాలి, పొట్టి గార్డులు బంతి లాక్కునేది అక్కడే.

మీ సెంటర్ విలువ తెలుసుకోవాలంటే స్కోరు పుస్తకం వెనక పేజీలో మూడు గడులు గీయండి: వాడు లోపలికి వెళ్లిన ప్రతిసారీ, బయటికి వచ్చిన ప్రతిసారీ సమయం, మన స్కోరు, వాళ్ల స్కోరు. దాంతో ఉన్నప్పటి తేడా, లేనప్పటి తేడా విడిగా వస్తాయి. పైన చెప్పిన రీబౌండ్ వాటా కూడా లెక్కేయండి: 40 నిమిషాల మ్యాచ్‌లో రెండు టీములవీ కలిపి 60 రీబౌండ్లు, మీవాడు 30 నిమిషాలాడి 9 పట్టాడనుకోండి. వాడున్నంతసేపు దొరికేవి 45, వాటా 20 శాతం. వాడికి మంచి మార్కే. ఒకటి రెండు మ్యాచ్‌లతో తీర్పు చెప్పొద్దు, బలహీనమైన టీము మీద అందరి అంకెలూ బాగుంటాయి. కనీసం పది మ్యాచ్‌లు, అందులో మీకన్నా గట్టి టీముల మీద ఆడినవి విడిగా రాసుకుని, వాటినే ముందు చూడండి.